ఎద్దుకు సోమవారం ఉంది, ఇంటికి ఏ వారం?

కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో సోమవారం నాడు ఎద్దు మెడ మీద కాడి పెట్టని ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అది బసవన్న వారం. ముందురోజు మంచి వాన పడి, పదును ఆరిపోతుందని రైతు మనసు పీకుతున్నా ఆ రోజు గుంటక కదలదు. ఎద్దుకు కడుపునిండా మేత, చెట్టునీడ, అంతే. ఎమ్మిగనూరు వైపు నేత ఇళ్లలోనూ పెద్దవాళ్లు అమావాస్య నాడు మగ్గం గుంతలో కాలు పెట్టేవాళ్లు కాదు. మగ్గం మీద బట్ట సగంలో ఉన్నా, అవతల షావుకారు తొందరపెడుతున్నా మర్నాడే.

ఈ రెండు అలవాట్లలో భక్తి ఎంత ఉందో బతుకు తెలివి కూడా అంతే ఉంది. పనంతా అయిపోయాక ఏమైనా మిగిలితే తీసుకుందామనుకుంటే విశ్రాంతి ఎన్నటికీ దొరకదు. పని మొదలుకాకముందే దానికి ఒక రోజు తీసి పక్కన పెట్టాలి. మన తాతలు పెట్టారు. ట్రాక్టర్లు వచ్చి ఎద్దులు తగ్గాయి, మరమగ్గాలు వచ్చి చేతిమగ్గాలు తగ్గాయి, వాటితోపాటే ఆ సెలవులూ జారిపోతున్నాయి. ఇప్పుడు ఎవరిని కదిపినా "తీరిక దొరికితే చూద్దాం" అంటున్నారు.

అయితే ఆ రోజుల్లోనూ ఒకటి సరిగా లేదు. ఎద్దుకు సోమవారం ఇచ్చిన ఇంట్లోనే, ఆ ఎద్దుకు కుడితి పెట్టే ఆడమనిషికి ఏ వారమూ లేదు. అమావాస్యకు మగ్గం ఆగింది కానీ పొయ్యి ఆగలేదు. పండగపూట ఆమె పని రెండింతలైంది. కాబట్టి పాతకాలానికి తిరిగి పొమ్మని నేను చెప్పను. వాళ్ల పద్ధతి తీసుకొని, వాళ్లు మరిచిపోయిన మనిషిని కూడా అందులో చేర్చుకుందాం అంటాను. ఇంట్లో సంతోషం, నెమ్మది కావాలనుకునే ఉద్యోగులకు, కూలి మనుషులకు నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. మిగతాదంతా దీన్ని ఎలా అమల్లో పెట్టాలన్న వివరం.

ఎవరికి చెబుతున్నానో కూడా చెప్పాలి. పట్నాల పత్రికల్లో వచ్చే సలహాలు శనివారం, ఆదివారం రెండు రోజులూ సెలవున్న వాళ్ల కోసం రాసినవి. ఆదోని బట్టల అంగట్లో రాత్రి దాకా నిలబడే గుమాస్తాకు అవి పనికిరావు. పత్తి సీజన్‌లో మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీకి, జిన్నింగు మిల్లులో పనిచేసే ఆడవాళ్లకు, కృష్ణగిరి, దేవనకొండ మెట్టచేలల్లో కలుపు తీసే వాళ్లకు, కర్నూలు నుంచి రోజూ బస్సెక్కి ఎమ్మిగనూరుకో ఆదోనికో వచ్చిపోయే టీచర్లకు, బ్యాంకు సిబ్బందికి, ఎవరి లెక్క వాళ్లదే. సెలవు తక్కువ ఉన్నవాళ్లకే దాన్ని జాగ్రత్తగా వాడుకోవాల్సిన అవసరం ఎక్కువ.

మొదట ఇంటి పని ఎంతుందో కళ్లారా చూడాలి. చాలా ఇళ్లలో గొడవలన్నీ పని గురించే, కానీ పని ఎంతో ఎవరికీ తెలియదు. జాతీయ గణాంక కార్యాలయం 2024లో దేశమంతా చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపనిలో చేయి పెట్టిన ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు ఆ పనిలోనే ఉన్నారు. చేయి పెట్టిన మగవాళ్లు 88 నిమిషాలు. అసలు చేయి పెట్టనివాళ్లు ఈ లెక్కలో లేరు. 2019లో ఇదే సర్వేలో ఆడవాళ్లది 299, మగవాళ్లది 97. అయిదేళ్లలో ఇద్దరి పనీ కొంచెం తగ్గింది కానీ మధ్యలో ఉన్న దూరం అలాగే ఉంది.

మీ ఇంటి లెక్క మీరే తీయండి. ఒక రాత్రి అన్నాలయ్యాక అందరూ కూర్చొని, తెల్లవారి లేచినప్పటి నుంచి పడుకునేదాకా జరిగే పనులన్నీ పిల్లల నోటుపుస్తకంలో రాయండి. కొళాయి వచ్చే వేళకు లేచి నీళ్లు పట్టడం, వాకిలి ఊడవడం, జొన్నరొట్టెలు తట్టడం, టిఫిన్ డబ్బాలు కట్టడం, అవ్వకు మాత్రలివ్వడం, బట్టలు, గిన్నెలు, పిల్లల లెక్కలు. పక్కన చేసేవాళ్ల పేరు రాయండి. ఎవరినీ తిట్టొద్దు, వాదించొద్దు, రాయండి చాలు. ఒకే పేరు ఎన్నిసార్లు వచ్చిందో పిల్లలకు కూడా కనిపిస్తుంది.

ఆ జాబితాలో పడని పని ఇంకొకటి ఉంటుంది, అది గుర్తుపెట్టుకునే పని. గ్యాసు ఎప్పుడు అయిపోతుంది, బడి ఫీజు చివరి రోజు ఏది, పప్పు డబ్బాలో ఎంత ఉంది, ఆడబిడ్డ కూతురి పెళ్లికి ఏం పెట్టాలి. దాదాపు ప్రతి ఇంట్లో ఇది ఒక్క మనిషి తలలోనే తిరుగుతుంటుంది. మంచి మనసున్న భర్త కూడా "ఏం చేయాలో చెప్పు, చేస్తా" అంటాడు. ఆయన ఉద్దేశం మంచిదే. కానీ ఏం చేయాలో చూసుకొని, గుర్తుపెట్టుకొని, అడిగి చేయించడమూ ఆమె మీదే పడింది కదా! అందుకని పనిని ముక్కలుగా పంచుకోవద్దు, మొత్తంగా పంచుకోండి. బుధవారం రాత్రి వంట ఆయనదైతే ఏం వండాలన్న ఆలోచన, సంత నుంచి కూరగాయలు తేవడం, వండటం, గిన్నెలు సర్దడం దాకా ఆయనదే. ఉప్పు ఎక్కువైనా ఆ పూట ఆమె వంటింటి గడప తొక్కకూడదు. ఇది ఆమెకు కూడా కష్టమైన నియమమే. చేయి ఊరుకోదు. నేర్చుకోవాలి.

వంట రాదనే మగవాళ్లకు మన ప్రాంతంలో సాకు లేదు. ఉగ్గాని ఉంది. బొరుగులు నీళ్లలో తడిపి పిండేసి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు, పసుపుతో తాలింపు పెట్టి, బొరుగులు వేసి కలిపి, పైన పుట్నాలపొడి చల్లి నిమ్మకాయ పిండితే అయిపోయింది. పావుగంట పని. బజ్జీలు కావాలంటే వీధి చివర బండి మీద తెచ్చుకోవచ్చు. ఆదివారం పొద్దున్న పూట ఇంట్లో మగవాళ్లో, పెద్ద పిల్లలో ఉగ్గాని చేస్తారని తేల్చుకుంటే, ఆ ఇంటి ఆడమనిషి వారంలో ఒక్కరోజైనా ఎండ వచ్చేదాకా పడుకోవచ్చు. అదే ఆమె సోమవారం. ఇంత చిన్నదా అనుకోవద్దు. ఏళ్ల తరబడి అందరికంటే ముందు లేచిన మనిషికి అది చిన్నది కాదు.

ఇల్లే పనిచోటైన వాళ్ల సంగతి కొంచెం వేరు. కంప్యూటరు ముందు కూర్చొని ఇంటి నుంచి పనిచేయడం కరోనా తర్వాత వచ్చిన కొత్త సంగతిలా చెబుతారు గానీ, ఎమ్మిగనూరు నేతవాళ్లు తరతరాలుగా ఇంటి నుంచే పనిచేస్తున్నారు. 1938లో మాచాని సోమప్ప ఆ ఊళ్లో చేనేత సహకార సంఘం స్థాపించి నేతవాళ్లను ఒక్కచోటికి చేర్చారు. నూలు తెచ్చుకోవడం, బట్ట అమ్ముకోవడం ఒంటరి నేతగాడి నెత్తిన పడకుండా సంఘం చూసుకోవాలన్నదే సహకారం వెనక ఉన్న ఆలోచన. ఇంటి నెమ్మదికి, బయటి వ్యవస్థకు ఎంత దగ్గరి సంబంధముందో దీన్ని బట్టే తెలుస్తుంది. నూలు ఎక్కడ దొరుకుతుందో, బట్ట ఎవరు కొంటారో తెలియని మనిషి ఇంట్లో కూర్చున్నా మనసు ఇంట్లో ఉండదు.

మగ్గం ఉన్న ఇంట్లో పనికీ తీరికకూ మధ్య గోడ లేదు. లేవగానే మగ్గం కనిపిస్తుంది, పడుకోబోతూ మగ్గం కనిపిస్తుంది. ఇంకో మూర నేస్తే ఇంకో నాలుగు రూపాయలన్న ఆశ పడుకోనివ్వదు. గుంత మగ్గం మీద గంటల తరబడి వంగి కూర్చుంటే నడుము, మోకాళ్లు ఏమవుతాయో చెప్పక్కర్లేదు. వీళ్లకు నా సలహా, మగ్గానికి వేళ పెట్టండి. పొద్దుగూకాక ఫలానా గంటకు నాడె పెట్టేసి, పడుగు మీద గుడ్డ కప్పేయండి. గుడ్డ కప్పాక ఇంట్లో ఎవరూ దాని ఊసెత్తకూడదు. పండగ ముందు గిరాకీ రోజుల్లో వేళ మారొచ్చు, మిగతా రోజుల్లో మారకూడదు.

అక్కడే ఇంకొక మాట. మగ్గం మీద కూర్చున్న వాడిదే పనిగా, కూలి అతని పేరున లెక్కగడతారు. రాట్నం ముందు కూర్చొని కండెలు చుట్టే భార్య, అమ్మ, పడుగు సర్దే చేతులు ఆ లెక్కలో లేవు. 2019-20 నాలుగో అఖిల భారత చేనేత గణనలో దేశంలోని చేనేత కార్మికుల్లో 70 శాతానికి పైగా ఆడవాళ్లే అని తేలింది. ఇంటికి వచ్చిన కూలి డబ్బులోంచి కండెలు చుట్టినదానికి ఇంత అని తీసి ఆమె ఖాతాలో వేయండి. అదే ఇంటి డబ్బు, అదే ఇంట్లో ఖర్చవుతుంది, నిజమే. కానీ తన పేరున నాలుగు రూపాయలున్న మనిషి ఇంట్లో మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది.

పని ఇంట్లోకి దూరే ఇంకొక దారి ఫోను. పని ఇలా ఇంట్లోకి చొరబడటానికి మన దగ్గరే ఒక పురాతన సాక్ష్యం ఉంది. తుగ్గలి మండలం జొన్నగిరి దగ్గర ఎర్రగుడిలో బండల మీద అశోకుడి శాసనాలున్నాయి, క్రీస్తు పూర్వం మూడో శతాబ్దానివి. పద్నాలుగు పెద్ద శాసనాలూ అక్కడ చెక్కి ఉన్నాయి. వాటిలో ఆరోదాంట్లో రాజు చెప్పిన మాటల సారం ఇది. తాను భోంచేస్తున్నా, అంతఃపురంలో ఉన్నా, పడకగదిలో ఉన్నా, తోటలో ఉన్నా సరే, ప్రజల పని మీద వార్తాహరులు ఎప్పుడైనా రావచ్చు. ఎంత శ్రమపడినా, ఎన్ని పనులు చక్కబెట్టినా తనకు తృప్తి లేదని కూడా ఆ శాసనంలో ఉంది.

చక్రవర్తి తనకు తాను వేసుకున్న ఆ శిక్ష ఇవాళ వాట్సాప్ గ్రూపుల పుణ్యమా అని సచివాలయ ఉద్యోగి మీదా, ఆశా కార్యకర్త మీదా, బ్యాంకు గుమాస్తా మీదా పడింది. అన్నం ముద్ద నోట్లో ఉండగా ఆఫీసు గ్రూపులో "అర్జంటు రిపోర్టు" అని మోగుతుంది. అశోకుడికి వంటవాళ్లున్నారు, పిల్లలను చూసుకునే దాసదాసీలున్నారు. మనకు లేరు. కాబట్టి రెండు గంటలైనా ఫోను ఇంట్లో ఒకచోట పెట్టేయండి, రాత్రి అన్నాల వేళకు గంట, పిల్లలతో గంట. గ్రూపు చప్పుడు ఆపేసి, నిజంగా అవసరమైతే నేరుగా ఫోన్ చేయమని పై అధికారికి మర్యాదగా ముందే చెప్పండి. చెప్పి చూస్తే చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోని వాళ్ల దగ్గర, తోటి ఉద్యోగులు నలుగురు కలిసి అడిగితే తేలిక.

రోజూ వచ్చిపోయే వాళ్లకు ఒక చిన్న మాట. కర్నూలు నుంచి ఆదోని వంద కిలోమీటర్ల దాకా ఉంటుంది. కోడుమూరు, గోనెగండ్ల, ఎమ్మిగనూరు మీదుగా వచ్చిపోయేసరికి రోజులో నాలుగైదు గంటలు బస్సులోనే పోతాయి. ఏడాదికో రెండేళ్లకో బదిలీ అవుతుందన్న ఆశతో ఇల్లు మార్చకుండా ఇలా పదేళ్లు తిరిగిన వాళ్లున్నారు. పిల్లల చదువు కారణం కావచ్చు, భార్యదో భర్తదో ఉద్యోగం కావచ్చు. ఏదైనా, ఏటా వేసవి సెలవుల్లో ఒకసారి కూర్చొని ఆ నిర్ణయాన్ని మళ్లీ కొత్తగా ఆలోచించండి. ఎప్పుడో తీసుకున్న నిర్ణయం అలవాటుగా మారి, ఆరోగ్యం తినేస్తున్నా గమనించని వాళ్లే ఎక్కువ.

ఇక డబ్బు. అప్పు ఉన్న ఇంట్లో ఎన్ని సెలవులున్నా నెమ్మది ఉండదు. మన దగ్గర ఆదాయం నెలనెలా వచ్చేది కాదు. పత్తి, బుడ్డలు అమ్మినప్పుడు ఒక్కసారి చేతికి వస్తుంది, తర్వాత నెలల తరబడి రాదు. ఆ ఖాళీలోనే నూటికి మూడు రూపాయల వడ్డీ ఇంట్లోకి వస్తుంది. మూడు రూపాయలే కదా అనిపిస్తుంది. 50,000 తెస్తే నెలకు 1,500, ఏడాదికి 18,000 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. ఏడాదికి 36 శాతం. పొదుపు సంఘం ద్వారా బ్యాంకు ఇచ్చే అప్పు దీనికంటే ఎంతో తక్కువ వడ్డీకి దొరుకుతుంది. కాబట్టి పెద్ద వడ్డీ అప్పును ముందు తీర్చండి, అవసరమైతే సంఘం అప్పు తీసుకొని మరీ. పంట డబ్బు వచ్చిన రోజే, చేయి తడి ఆరకముందే, తిండికి, బడికి, మందులకు రాబోయే నెలలకు సరిపడా తీసి వేరుగా వేయండి. జాతరకు, పెళ్లికి పెట్టే ఖర్చు మిగిలిన దాంట్లోంచి. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుడి జాతరకు పిల్లలకు బొమ్మలు కొనొద్దని నేననను. అప్పు చేసి చుట్టాలకు మటన్ పెట్టొద్దంటాను. ఇంట్లో భార్యాభర్తలిద్దరికీ ఎంత అప్పుందో, ఎవరికివ్వాలో తెలిసి ఉండటం అన్నిటికంటే ముఖ్యం. దాచిన అప్పు బయటపడిన రోజు డబ్బుతోపాటు నమ్మకమూ పోతుంది.

అన్నిటికంటే కష్టమైన బతుకు సుగ్గికి, అంటే వలస కూలికి పోయేవాళ్లది. కొసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం మండలాల నుంచి ఏటా ఇళ్లకు తాళాలు వేసి గుంటూరు మిరపచేలకు, తెలంగాణ పత్తిచేలకు, బెంగళూరు కట్టుబడి పనులకు పోతారు. తుంగభద్ర దిగువ కాలువ ఉన్నా దాని నీళ్లు అందని పొలాలే ఎక్కువ, వానలను నమ్ముకునే నేల. ఇంటి జీవితంలో సమతుల్యం గురించి వీళ్లకు చెప్పడానికి నాకు నోరు రాదు, ఇల్లే నెలల తరబడి మూతపడుతుంటే. అయినా పోయేముందు చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి.

పిల్లలను వెంట తీసుకుపోవద్దు. వెంటపోయిన పిల్లలు ఆ ఏడు చదువుకు దూరమై, మరుసటి ఏటి నుంచి చేలో సంచి పట్టుకుంటారు. వలసలున్న ఊళ్లలో సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు తెరుస్తారు. మీ ఊళ్లో ఉందా, ఎప్పటి నుంచి అని బయలుదేరే వారం ముందే హెడ్మాస్టరును అడగండి. లేకపోతే నలుగురు తల్లిదండ్రులు కలిసి మండల విద్యాధికారిని అడగండి. పిల్లలు అవ్వ తాతల దగ్గర ఉంటే, ఆ ముసలివాళ్ల చేతికి ఖర్చు డబ్బు, మందులు, పక్కింటివాళ్ల ఫోను నంబరు ఇచ్చి పోండి. రోజూ రాత్రి ఒకే వేళకు పిల్లలతో ఫోనులో మాట్లాడండి. రెండు నిమిషాలైనా ఫరవాలేదు, వేళ తప్పకూడదు. అమ్మ ఫోను ఎప్పుడొస్తుందో తెలిసిన పిల్ల దానికోసం ఎదురుచూస్తుంది, తెలియని పిల్ల దిగులుపడుతుంది. రేషన్ కార్డు వెంట తీసుకుపోండి. ఒకే దేశం ఒకే రేషన్ పద్ధతిలో వేలిముద్ర వేసి పోయిన చోట బియ్యం తెచ్చుకోవచ్చు. ఊళ్లో ఉన్నవాళ్ల వాటా ఊళ్లోనే తీసుకోవచ్చు. మీ కార్డు పక్క రాష్ట్రంలో చెల్లుతుందా లేదా అన్నది డీలరును ముందే అడిగి తెలుసుకోండి.

తృప్తి గురించి రాసేటప్పుడు ఒక హెచ్చరిక చేయకపోతే అన్యాయం అవుతుంది. ఉన్నదాంతో సర్దుకోమన్న మాట మన ఇళ్లలో ఎప్పుడూ ఒకరికే చెబుతారు, అదీ బాధపడుతున్న వాళ్లకే. తాగి కొట్టే భర్తతో సర్దుకోమనడం, కోడలి జీతమంతా లాక్కొనే అత్తింటితో సర్దుకోమనడం తృప్తి నేర్పడం కాదు. ఆ ఇంట్లో ముందు మారాల్సింది కొట్టే చేయి. అలాంటి ఇబ్బందిలో ఉన్న ఆడవాళ్లు 181కి ఫోన్ చేయవచ్చు. అలాగే ఏ కారణమూ లేకుండా వారాల తరబడి నిద్రపట్టకపోయినా, బతుకు మీద విరక్తి కలుగుతున్నా అది బలహీనత కాదు, జబ్బు, దానికి వైద్యం ఉంది. 14416 టెలీమానస్ నంబరుకు పగలు రాత్రి ఎప్పుడు చేసినా తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

ఇంట్లోవాళ్లు ఎంత పద్ధతిగా పంచుకున్నా, పని ఇచ్చేవాళ్లు సహకరించకపోతే సగమే జరుగుతుంది. దుకాణంలో పనిచేసేవాళ్లకు వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలని, దానికి జీతం కోయకూడదని 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం చెబుతోంది. చాలా అంగళ్లలో సెలవు ఇస్తారు కానీ ఏ రోజో ముందు రాత్రి దాకా చెప్పరు. అప్పుడు చెబితే ఆ మనిషి భార్య కూలికి పోయి ఉంటుంది, పిల్లలు బడిలో ఉంటారు, అతను ఖాళీ ఇంట్లో టీవీ ముందు కూర్చుంటాడు. ఆదోని అంగళ్ల యజమానులకు, మిల్లుల మేనేజర్లకు, ఆఫీసుల్లో పై అధికారులకు నా విన్నపం ఒక్కటే. మీ దగ్గర పనిచేసేవాళ్ల సెలవు ఏ వారమో నెల మొదట్లోనే చెప్పండి, గోడ మీద రాసి పెట్టండి, గిరాకీ ఎక్కువైందని దాన్ని చెరపకండి. దీనికి మీకు పైసా ఖర్చు లేదు.